నేను దాటేసిన వరుస

ఆ ఏడు వానలు రావాల్సినప్పుడు రాలేదు, ఇక రావులే అనుకున్నాక వచ్చాయి. వచ్చినా నిలకడగా కురవలేదు. గంటసేపు దంచికొట్టి, ఆ తర్వాత వారం రోజులు మాడు పగిలేలా ఎండ. కుళాయి మాత్రం వేసవి మొదట్లో నాలుగు రోజులకొకసారి అని మొదలుపెట్టి, వానాకాలం వచ్చినా ఆ పద్ధతి మార్చుకోలేదు. అందుకే మా వీధిలో ఏ ఇంట్లో చూసినా మనుషులకంటే డ్రమ్ములే ఎక్కువ. ఎదురింటి దర్జీ అయితే కుట్టుమిషను పక్కనే డ్రమ్ము పెట్టుకుని, దాని మూత మీదే బట్ట పరిచి కత్తిరించేవాడు.

మాది చెప్పుల పని. పాత లారీ టైర్లు కోసి చెప్పులు చేస్తాం. నా కొడుకు ఊళ్లు తిరిగి టైర్లు తెస్తాడు, కోడలు కోస్తుంది, నేను పట్టీలు తొడిగి మేకులు కొడతాను. పొడి రబ్బరు కత్తికి లొంగదు. కత్తిని నీళ్లలో ముంచి కోస్తేనే సబ్బుముక్కలా తెగుతుంది. అందుకని కోసే బల్ల పక్కన ఎప్పుడూ ఒక తొట్టి ఉంటుంది. ఆ తొట్టీ టైరే. పెద్ద ట్రాక్టరు టైరును అడ్డంగా రెండుగా కోసి, అందులో ఒక సగాన్ని వెల్లకిలా వేసి మా ఆయన చేసిన తొట్టి. ఉంగరంలా గుండ్రంగా నీళ్లు నిలుస్తాయి. లోపల చీకటి కంటే నలుపు.

ఇరవై రెండేళ్ల కిందట ఒక పొద్దున ఆయన టైర్ల లోడుకి వెళుతూ, లారీ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు. “తొట్టి చూసుకో, ఎండనివ్వకు” అన్నారు. వెళ్లొస్తాను అనలేదు. ఇంట్లో పొయ్యి మీద ఏదో పొంగుతోందని నేనూ ఆగలేదు. మర్నాడు వంతెన దగ్గర లారీ బోల్తా పడింది. టైర్లు మాత్రం ఇంటికి వచ్చాయి.

అప్పటినుంచి తొట్టి ఎండలేదు. తగ్గినప్పుడల్లా ఒక చెంబెడు పోసేదాన్ని. నీళ్లు దొరకని రోజుల్లో నా తాగే నీళ్లలోంచి తీసి పోశాను. పారబోసి కడగడం అనే ఆలోచనే నాకు రాలేదు. పైనుంచి కొత్త నీళ్లు ఎన్ని పోసినా అడుగున ఆయన పోసిన నీళ్లు ఉన్నాయని నా లెక్క. ఇంకొక అలవాటు కూడా అప్పుడే పట్టుకుంది. ఎవరు గడప దాటినా “వెళ్లొస్తాను” అని నోటితో అనాలి. అనకపోతే వీధి చివరిదాకా వెంటపడతాను. పాలు పోసే మనిషి కూడా నా పోరు పడలేక, గేటు బయటే నిలబడి పాలు పోసి “వెళ్లొస్తానమ్మా, వెళ్లొస్తాను, రెండుసార్లు చెప్పాను, సాక్షిగా నీ గిన్నె ఉంది” అనేవాడు.

నేను బడికి వెళ్లలేదు. చదువు చెప్పుల అచ్చుల మీద నేర్చుకున్నాను. పాత పత్రికల కాగితాన్ని పాదం ఆకారంలో కత్తిరించి, రబ్బరు మీద పెట్టి గీత గీస్తాం. ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ కూడబలుక్కుంటూ చదువు వచ్చింది. మడమ దగ్గర మొదలైన వార్త బొటనవేలి దగ్గర తెగిపోయేది. మిగతాది ఏమయ్యిందో అని రాత్రంతా నిద్ర పట్టేది కాదు. కొన్నేళ్లకు పుస్తకాలు దొరికాక, చివరిదాకా ఉన్న కథలు చదవడమంటే నాకు పండగే. వీధిలో ఏ కాగితం వచ్చినా చదివి పెట్టేది నేనే. కళ్లజోడు పెట్టుకుంటే మా కోడలు “అమ్మో, కలెక్టరుగారు వచ్చారు” అని నవ్వేది.

ఆ కాలంలోనే ఆరోగ్యశాఖ అమ్మాయి ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. పట్టపగలు కూడా టార్చి వేసుకుని డ్రమ్ముల్లోకి, కుండీల్లోకి, కూలరు వెనక్కి తొంగిచూసేది. వీధిలో ఆమె పేరు టార్చిలైటు.

“పెద్దమ్మా, మీ డ్రమ్ములు చూడొచ్చా?”

“చూడు తల్లీ. నా డ్రమ్ము మూత తీయాలంటే నీకు ఇద్దరు మనుషులు కావాలి.”

నిజమే. మూతల మీద బట్ట కప్పి, దాని మీద ట్యూబు రబ్బరు బిగించి కట్టేదాన్ని. ఆమె రెండు వేళ్లతో లాగి చూసి నవ్వింది. “దోమ సంగతి తర్వాత, ఇందులోకి గాలి కూడా దూరదు.” కొట్టంలో టైర్లు చూసింది. నా కొడుకు వాటిని గోడవారగా పేర్చి, వాన పడకుండా తార్పాలిన్ కప్పి ఉంచాడు. అదీ బాగుందని రాసుకుంది. వెళ్లబోతూ కోసే బల్ల వైపు తిరిగింది.

“ఆ పక్కన నల్లగా ఉన్నదేంటి?”

కిందటేడు వేరే ఉద్యోగి ఒకడు వచ్చి, పక్కింటివాళ్ల రెండు డ్రమ్ములు వీధిలోకి దొర్లించేసి వెళ్లాడు. అది గుర్తొచ్చింది. ఒళ్లో ఉన్న గోనెసంచి తీసి తొట్టి మీద పరిచాను. స్టూలు దానికి అడ్డంగా లాక్కుని కూర్చున్నాను.

“పనిముట్లమ్మా. కత్తులుంటాయి. చెయ్యి తెగుతుంది, దూరంగా ఉండు.”

అబద్ధం కాదు. కత్తులు అందులోనే నానుతున్నాయి. కోడలు కోస్తున్నదల్లా తల ఎత్తి నా వైపు ఒకసారి చూసి, మళ్లీ రబ్బరు మీదికి వంగింది.

టార్చిలైటు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. “మీరు చదువుతారట కదా. కుళాయి దగ్గర అందరికీ చదివి వినిపించండి. నేను చెబితే వినరు, మీరు చెబితే వింటారు.”

“వెళ్లొస్తాను అను.”

“మళ్లీ వారమే వస్తాను పెద్దమ్మా, మీరు వద్దన్నా వస్తాను.”

కాగితం ఆ పూటే చదివాను. ఈ దోమ మురుగులో పెరగదట. మన ఇళ్లలో నిలవ చేసుకున్న మంచినీళ్లలోనే పెరుగుతుందట. రాత్రి కాదు, పగలు కుడుతుందట. కాళ్ల మీద తెల్లచారలు ఉంటాయట. ఆ కింద ఒక వరుస ఉంది. పాత టైర్లు, వాటితో చేసిన తొట్లు, రేకుల మీద బరువుకు పెట్టిన టైర్లు, వీటిలో నిలిచే కొద్దిపాటి నీళ్లు కూడా చాలు, అని.

ఆ వరుస మీద నా వేలు ఆగిపోయింది. మా వీధిలో రేకుల ఇళ్లే ఎక్కువ. గాలికి రేకులు లేచిపోకుండా ప్రతి కప్పు మీదా రెండో మూడో టైర్లు ఉంటాయి. అన్నీ మా కొట్టంలోంచి వెళ్లినవే. మా ఆయన అడిగినవాళ్లకి అడిగినన్ని ఇచ్చేవారు. అంతకు రెండేళ్ల ముందే రబ్బరు వాసన వస్తోందని, ఈ కొట్టం ఇక్కడ వద్దని కొందరు సంతకాలు పోగుచేశారు. దర్జీ అడ్డుపడి ఆ కాగితం చింపేయబట్టి ఆగింది. ఇప్పుడు జబ్బు కూడా టైర్లలోంచి వస్తుందని నేనే చదివి వినిపిస్తే? కొట్టం పోతుంది. కొట్టంతోపాటు తొట్టి పోతుంది. పని వెతుక్కుంటూ కొడుకొక దిక్కు, కోడలొక దిక్కు. నా బుర్ర ఒకసారి దౌడు మొదలుపెడితే అంతే, ఎక్కడా ఆగదు.

కుళాయి వచ్చిన రోజు బిందెల వరుస పక్కన నిలబడి చదివాను.

“చదువు పెద్దమ్మా. నీ గొంతులో జబ్బు కూడా జోలపాటలా ఉంటుంది” అన్నాడు దర్జీ.

“నిద్రపోకు మరి. నీ మిషను పక్క డ్రమ్ము గురించే మొదటి వాక్యం.”

అందరూ నవ్వారు. డ్రమ్ముల గురించి చదివాను, కుండీల గురించి చదివాను, మేడ కడుతున్న చోట నిలిచిన నీళ్ల గురించి చదివాను. ఆ వరుస వచ్చింది. గొంతు సవరించుకున్నాను. తర్వాతి వరుస అందుకున్నాను.

వీధి నా మాట విన్నది. నాలుగు రోజుల్లో డ్రమ్ములన్నిటికీ బట్టలు కట్టారు. కుండీలు ఒంపేశారు. దర్జీ వచ్చి “చూశావా పెద్దమ్మా, నా డ్రమ్ముకి చొక్కా కుట్టాను, కాలరు కూడా పెట్టాను” అని చూపించి వెళ్లాడు. కప్పుల మీదికి ఎవరూ ఎక్కలేదు.

ఆ వారమే నా కొడుకు లోడుతో తిరిగి వచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. ప్రయాణపు బడలిక అన్నాడు. ఇంట్లో ఉక్కగా ఉందని పగలంతా కొట్టంలోనే, బల్ల పక్కన చాప వేసుకుని పడుకున్నాడు. మూడు రోజులకు లేచి తిరిగాడు. మా ఇంటి జ్వరం అంతటితో పోయిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత కోడలు పని మధ్యలో కత్తి కింద పెట్టేసింది. కళ్ల వెనక ఎవరో మేకులు కొడుతున్నట్టుంది అత్తయ్యా అంది. ఎముకలన్నీ విరిచి మూట కట్టినట్టుంది అంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ పిల్ల పని మధ్యలో కత్తి కింద పెట్టడం నేను చూడలేదు. మర్నాడు ఎదురింటి దర్జీ భార్య పడింది. ఆ తర్వాత దర్జీ ఇంటి పక్క మేడ మీద అద్దెకుండేవాళ్లు ఇద్దరు. మూడో రోజు కోడలిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి నా కొడుకు బండి తెచ్చాడు. ఆమెను ఎత్తి కూర్చోబెడుతుంటే కళ్లు తెరిచి చూసింది.

“వెళ్తున్నా అత్తయ్యా” అంది.

“వెళ్లొస్తాను అను.”

అనలేదు. కళ్లు మూసుకుంది. బండి కదిలింది. చెప్పులు వేసుకోకుండా ఆస్పత్రిదాకా నడిచాను. ఊరంతా తిరిగే చెప్పులు చేసే ఇంట్లో మనిషి ఉత్త కాళ్లతో వచ్చిందని వార్డులో ఎవరో అన్నారు కూడా.

డెంగీ అన్నారు. ఐదో రోజు జ్వరం దిగింది. నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నర్సు దగ్గరికి పరుగెత్తాను. “తల్లీ, తగ్గిపోయింది, ఇంటికి తీసుకుపోవచ్చా?”

ఆమె నా మొహం వైపు చూసి, చేతిలో పని ఆపింది. “కూర్చోండి అమ్మా. జ్వరం దిగినప్పుడే భయం. ఈ రెండు రోజులూ కనిపెట్టి ఉండాలి. కడుపు నొప్పి అన్నా, వాంతులు అయినా, చిగుళ్లలో రక్తం కనబడినా, మగతగా ఉన్నా వెంటనే నన్ను పిలవండి. ఊరికే పిలిచానేమో అని మొహమాటపడొద్దు.”

మధ్యాహ్నానికే కడుపు పట్టుకుంది. చేతులు మంచుముక్కలు. పిలిచాను. వాళ్లు సెలైను ఎక్కించారు, రక్తం తీసి పరీక్షకు పంపారు, గంటకొకసారి వచ్చి నాడి చూశారు. నా కొడుకు మంచం కాళ్ల దగ్గర నిలబడి ఆమె పాదం పట్టుకున్నాడు, గట్టిగా పట్టుకుంటే ఎక్కడికీ పోదన్నట్టు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకు ఏ దేవుడూ గుర్తు రాలేదు. కుళాయి దగ్గర సవరించుకున్న గొంతు గుర్తొచ్చింది.

అప్పుడే టార్చిలైటు వచ్చింది, చేతిలో రిజిస్టరుతో. ఎవరెవరు ఏ వీధి నుంచి వచ్చారో రాసుకుంటోంది. నన్ను చూసి పక్కన కూర్చుంది. మనిషి బాగా నలిగి ఉంది.

“పదకొండు మంది పెద్దమ్మా. అందరూ మీ వీధే. నాకు అర్థం కావడం లేదు. మీరు చదివిన తర్వాత మీ వీధిలో ఉన్నంత శుభ్రంగా ఏ వీధిలోనూ డ్రమ్ములు లేవు. జ్వరం బయటి ఊరి నుంచి ఎవరి ఒంట్లోనో వచ్చి ఉంటుంది, ఆ మనిషిని కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టి ఉంటుంది. అది సరే. కానీ ఇన్ని దోమలు ఎక్కడ పుట్టాయి? ఎక్కడో నీళ్లున్నాయి. నాకు కనపడని చోట.”

“ఉన్నాయి” అన్నాను.

ఆమె తల తిప్పింది.

“మా తొట్టిలో ఉన్నాయి. ఆ రోజు నువ్వు అడిగితే గోనె కప్పాను. అందరి కప్పుల మీదా ఉన్నాయి. కాగితంలో ఆ వరుస నేను చదవలేదు.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. రిజిస్టరు మూసింది. తర్వాత సంచిలోంచి టార్చి తీసి నాకిచ్చింది. “నేను ఇక్కడ ఉంటాను. మీరు వెళ్లి చూసుకుని రండి. నేను వచ్చి పారబోయొచ్చు. కానీ మీరే చూడండి.”

ఇంటికి వెళ్లేసరికి ఎండ ఇంకా ఉంది. గోనె తీసి టార్చి వేశాను. మొదట ఏమీ కనబడలేదు, నలుపు మీద వెలుగు జారిపోయింది. దగ్గరగా వంగాను. నీళ్లు కదిలాయి. వందలు. సన్నటి పురుగులు, తలకిందులుగా వేలాడుతూ, నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. మళ్లీ పైకి వచ్చాయి. ఇరవై రెండేళ్లుగా రోజూ ఈ నీళ్లను చూస్తున్నాను అనుకున్నాను. చూడలేదు. పోశాను, అంతే.

చెంబుతో తోడాను. ఎండిన మట్టి మీదికి, ఒక్కొక్క చెంబే. నడుము పట్టేసింది. ఆగి, మళ్లీ తోడాను. అడుగుకి వచ్చేసరికి చేతులు నిదానించాయి. ఆయన పోసిన నీళ్లు అక్కడ ఉండాలి కదా. అడుగున ఏముంది? రబ్బరు పొట్టు, పాచి, విరిగిన కత్తి మొన ఒకటి. గుడ్డతో తుడిచాను. దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి ఓపిగ్గా కాచుకుని ఉంటాయని నేను ఆస్పత్రి నుంచి బయల్దేరుతుంటే టార్చిలైటు చెప్పింది. కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాను. చేతుల చర్మం లేచింది. తొట్టిని బోర్లించి, “ఇక వెళ్లండి” అన్నాను ఆయనతో. వెళ్లి రండి అనడానికి నోరు రాలేదు.

మర్నాడు కుళాయి రోజు. బిందెలు ఉన్నాయి గానీ మాటలు లేవు. కళ్లజోడు పెట్టుకుని కాగితం తీశాను.

“ఇంకా ఏం మిగిలింది పెద్దమ్మా చదవడానికి?” దర్జీ గొంతులో వేళాకోళం లేదు. భార్య ఆస్పత్రిలో ఉంది, తనే రెండు బిందెలు మోసుకొచ్చాడు.

“ఒక వరుస మిగిలింది. కిందటిసారి కావాలని దాటేశాను.” చదివాను. టైర్లు అన్న మాట దగ్గర గొంతు సవరించుకోలేదు. “మా కొట్టంలో తొట్టి ఉంది. అందులో నిండా పురుగులున్నాయి. నిన్న పారబోశాను. నిన్న.”

కుళాయి బిందెలో పడుతున్న చప్పుడు ఒక్కటే. బిందె నిండి పొర్లినా ఎవరూ తీయలేదు. చివరికి దర్జీ తన బిందెలు అక్కడే వదిలేసి ఇంటి వైపు నడిచాడు. నా మొహం చూడలేక వెళ్లిపోతున్నాడనుకున్నాను. నిచ్చెన వేసి రేకుల మీదికి ఎక్కాడు. ఒక టైరు అంచు పట్టుకుని ఎత్తాడు. అందులోంచి నీళ్లు భళ్లున జారి అతని చొక్కా అంతా తడిపేశాయి. పైనుంచి కేకేశాడు.

“పెద్దమ్మా! నీ టైరు నాకు స్నానం చేయించింది. పట్టుకోండి కింద, వేస్తున్నాను!”

ఒకటి పడింది. తర్వాత పక్క కప్పు మీది నుంచి ఇంకొకటి. మధ్యాహ్నానికి మా గేటు ముందు నలభై మూడు టైర్లు పోగయ్యాయి. రేకుల మీదికి ఇటుకలు ఎక్కాయి. నన్ను ఎవరూ క్షమించామని అనలేదు, కొట్టం తీసేయమనీ అనలేదు. మేడ మీద వాళ్లు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అది వాళ్ల హక్కు. ఏ దోమ ఏ నీళ్లలో పుట్టిందో, ఎవరిని కుట్టిందో ఎవరూ తేల్చలేరని టార్చిలైటు చెప్పింది. ఓదార్పుకే చెప్పింది. నాకు అది ఓదార్పు కాలేదు.

దర్జీ భార్య ముందు ఇంటికి వచ్చింది. కోడలు తొమ్మిదో రోజు వచ్చింది, సగమై, మెడ మీద తల నిలవడం కష్టంగా. పదకొండు మందీ బతికారు. అది నా అదృష్టం, నా గొప్ప కాదు.

ఆమెను మంచం మీద పడుకోబెట్టి జావ చల్లారుస్తూ కూర్చున్నాను. చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక, గిన్నెలో చెంచా తిప్పుతూనే ఉన్నాను.

“అది ఇంకా చల్లారితే గడ్డ కడుతుంది అత్తయ్యా.”

“ఆ రోజు తొట్టి మీద గోనె కప్పాను.”

“చూశాను.”

“కాగితంలో ఒక వరుస చదవలేదు.”

“తెలుసు. మీ కళ్లజోడు డబ్బా కింద దొరికితే నేనూ చదివాను.”

చెంచా ఆగిపోయింది. “మరి ఎందుకు చెప్పలేదే? రోజంతా ఆ తొట్టి పక్కన కూర్చునేది నువ్వే కదా!”

ఆమె పైకప్పు వైపు చూసింది. మేము కూడా రేకులవాళ్లమే. అక్కడ ఇప్పుడు ఇటుకలు.

“మామయ్యగారి నీళ్లు పారబోయమని మీకు నేనెలా చెప్పను? మీరు మీ మంచినీళ్లు అందులో పోయడం తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. ఇంకొక్క వారం చూద్దాంలే అనుకున్నాను.”

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆమె మీద వచ్చిన మొదటి కోపం, చివరిది కూడా. “పిచ్చి మొద్దూ” అన్నాను, “పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లు పోతారా ఎక్కడైనా?” అన్నాక ఆ మాట ఎవరికి చెప్పానో నాకే అర్థమైంది. ఆమె నవ్వి నోరు తెరిచింది. చెంచాతో జావ పోశాను.

నెల తర్వాత మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. ఇప్పుడు కత్తి ముంచడానికి ఒక ఇత్తడి గిన్నె. పొద్దున తాజా నీళ్లు పోస్తుంది. సాయంత్రం పని ఆపాక దాన్ని గేటు బయట ఒంపి, తుడిచి, బోర్లించేది నేను. మొదటి వారమంతా, నీళ్లు మట్టిలోకి ఇంకిపోయేదాకా నిలబడి చూసేదాన్ని. లోపలి నుంచి కోడలు కేకేసేది.

“అత్తయ్యా, నీళ్లు వెళ్లొస్తామన్నాయా లేదా?”

“అనలేదే” అనేదాన్ని.

“పోనివ్వండి. రేపు కుళాయి రోజు.”